ఫార్మాట్ అనే ముందు
(పెన్‌డ్రైవులోని లైనక్స్ లేవకపోతే ఎక్కడ చూడాలి? సంఘ వార్షికోత్సవంలో చేసిన ఉపన్యాస పాఠం)

 

ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మమ్మల్ని కంప్యూటరు గురించి మాట్లాడమని కార్యవర్గం వారు కోరారు. ఈ విద్యలో మేము పండితులం కాము. కాని పిల్లల పెన్‌డ్రైవులు పట్టుకుని తల్లిదండ్రులు మా దగ్గరకు వస్తూనే ఉన్నారు. "మాస్టారూ, నిన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇవాళ లేవడం లేదు, షాపులో ఫార్మాట్ చేస్తామంటున్నారు" అంటారు. ఆ ఫార్మాట్ అనే మాట గురించే ఈ పూట మాట్లాడదలచాము. ఫార్మాట్ అంటే ఆ డ్రైవు మీద ఉన్నదంతా చెరిపి పలకను మళ్లీ కొత్తగా కట్టడం. పిల్లవాడి రికార్డు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ధృవపత్రాల నకళ్లు అన్నీ అందులోనే ఉంటే, ఆ ఒక్క మాటకు "సరే" అన్నామా, ఏడాది కష్టం పోతుంది.

అసలు మన ఇళ్లలోకి ఈ పెన్‌డ్రైవు లైనక్స్ ఎట్లా వచ్చిందో ముందు చెప్పుకుందాము. ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన పని లైనక్స్. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పొరుగున కేరళలో 2001లో మొదలైన ఐ.టి. ఎట్ స్కూల్ పథకం ద్వారా ప్రభుత్వ పాఠశాలలు దీనినే పట్టుకున్నాయి. మన తెలుగువారిలో 'స్వేచ్ఛ' సంస్థ వారు లైనక్స్‌ను తెలుగులో అందించే పని చేశారు. ఇక 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటి మీద ఎక్కదు. అటువంటి పాత కంప్యూటర్లకు లైనక్స్ రెండో జీవితం ఇస్తున్నది. తెలుగూ రాయవచ్చు, కుడి నుండి ఎడమకు ఉర్దూ కూడా రాయవచ్చు.

కొండ మీద దీనికి ఇంకొక సదుపాయం ఉంది. ఇంట్లో కంప్యూటరు ఒకటే, చదివే పిల్లలు ముగ్గురు నలుగురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క డ్రైవులో లైనక్స్ ఎక్కించి ఇస్తే ఎవరి పుస్తకాల సంచి వారిది అన్నట్టు ఉంటుంది. హార్డ్ డిస్కు చెడిపోయి మూలన పడిన కంప్యూటరు కూడా ఆ డ్రైవుతో లేస్తుంది. అయితే చెడితే చూసే షాపు కోసం నూరు కిలోమీటర్ల పైచిలుకు ఘాట్ దిగి విశాఖ పోవాలి. అందుచేత రోగం ఎక్కడుందో పోల్చుకునే విద్య కొంతైనా మన దగ్గరే ఉండాలి.

ఇక్కడ ఒక చిన్న తేడా గుర్తించాలి. లైవ్ పెన్‌డ్రైవు వేరు, లైనక్స్‌ను పూర్తిగా ఇన్‌స్టాల్ చేసిన డ్రైవు వేరు. లైవ్ పెన్‌డ్రైవు ప్రయాణికుల బంగళా వంటిది. దానిలో నిలువ ఏర్పాటు ప్రత్యేకంగా పెట్టకపోతే, కంప్యూటరు ఆపగానే మనం రాసుకున్నది పోతుంది. ఇన్‌స్టాల్ చేసిన డ్రైవు సొంత ఇల్లు. నేడు మేము మాట్లాడేది ఆ సొంత ఇంటి గురించి. లైవ్ పెన్‌డ్రైవు మాత్రం మనకు వైద్యుడిగా అక్కరకు వస్తుంది, ఆ సంగతి తర్వాత చెబుతాము.

ముందుగా అన్నిటికంటే పెద్ద ప్రమాదం. లైనక్స్ ఉన్న డ్రైవును విండోస్ నడుస్తున్న కంప్యూటరుకు గుచ్చితే చాలాసార్లు తెర మీద ఒక పెట్టె వస్తుంది. "ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. అది చూసి డ్రైవు చెడిపోయిందని జనం అనుకుంటారు. అది నిజం కాదు. లైనక్స్ సాధారణంగా తన ఫైళ్లను ఎక్స్‌ట్4 అనే పద్ధతిలో రాసుకుంటుంది. ఆ రాత విండోస్‌కు చదవడం రాదు, అంతే. ఉర్దూ లిపి రాని మనిషి చేతికి మన తాతగారి ఉత్తరం ఇస్తే "ఏవో గీతలున్నాయి, చింపేయమంటారా?" అని అడిగినట్టు. చదవలేనిది వాడు. అంత మాత్రాన ఉత్తరం చెడినట్టా? కాబట్టి ఆ పెట్టె కనబడితే నొక్కవలసింది "క్యాన్సిల్" ఒక్కటే. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా మేము ఈ సభకు వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

ఇప్పుడు లేవడం అంటే ఏమిటో చూద్దాము. పాతకాలంలో సింగిల్ లైను రైలు మార్గాల మీద స్టేషన్ మాస్టరు డ్రైవరు చేతికి టోకెను ఇచ్చేవాడు. టోకెను చేతికి రానిదే బండి తర్వాతి స్టేషనుకు కదలరాదు. బండి ఆగిందంటే ఇంజనును తిట్టే ముందు ఏ స్టేషనులో టోకెను అందలేదో చూడాలి. కంప్యూటరు లేవడం కూడా ఇట్లాంటిదే. నాలుగు స్టేషన్లు. మొదటిది కంప్యూటరులో పుట్టుకతో ఉండే ఫర్మ్‌వేర్, అంటే పాతవాటిలో బయాస్, కొత్తవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. రెండవది గ్రబ్ అనే బూట్ లోడరు. మూడవది కెర్నెల్, దాని వెంట వచ్చే చిన్న సామాను మూట ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. నాలుగవది అసలు ఇల్లు, అంటే మన ఫైళ్లున్న రూట్ విభాగం, అందులోని సేవలు. తెర మీద ఏం కనబడుతున్నదో చూస్తే బండి ఏ స్టేషనులో ఆగిందో తెలిసిపోతుంది. అందుకే పిల్లలతో మేము ఒకటే చెబుతాము: గాభరా పడొద్దు, తెర మీది మాటలను ఫోనుతో ఫొటో తీయండి.

మొదటి స్టేషను. డ్రైవు గుచ్చినా అసలు డ్రైవు పేరే కనబడదు, లేదా తిన్నగా విండోస్ వచ్చేస్తుంది. అప్పుడు డ్రైవును వేరే రంధ్రంలో పెట్టి చూడాలి. మధ్యలో హబ్బు ఉంటే తీసేసి నేరుగా పెట్టాలి. డెస్క్‌టాప్ అయితే వెనుక వైపు పెట్టాలి. కంప్యూటరు వెలిగించగానే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవో వాటిలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌.పి.లో ఎఫ్9 లేక ఎస్కేప్. విండోస్ లోపలి నుండి అయితే షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే, "యూజ్ ఎ డివైస్" అనే దారి చాలా యంత్రాలలో వస్తుంది. షట్‌డౌన్ చేసి వెలిగిస్తే కొన్ని యంత్రాలు ఫాస్ట్ బూట్ తొందరలో యు.ఎస్.బి. వైపు చూడనే చూడవు.

అప్పటికీ రాకపోతే మాట కలవడం లేదన్నమాట. డ్రైవులో లైనక్స్‌ను పాత బయాస్ పద్ధతిలో ఎక్కించి ఉంటే, యు.ఇ.ఎఫ్.ఐ. ఒక్కటే తెలిసిన కొత్త కంప్యూటరు దానిని పట్టించుకోదు. సెక్యూర్ బూట్ అనే కాపలా కూడా ఒకటుంది. ఉబుంటు, ఫెడోరా, 2019లో వచ్చిన డెబియన్ 10 నుండి డెబియన్ కూడా ఆ కాపలాను దాటగలవు. కొన్ని రకాల లైనక్స్ దాటలేవు. అయితే కాపలాను ఆపే ముందు ఒక హెచ్చరిక. ఆ కంప్యూటరులో విండోస్ బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, సెట్టింగు మార్చినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. హాస్టలుదో, స్నేహితుడిదో అయిన కంప్యూటరు సెట్టింగులు యజమానిని అడగకుండా మార్చడం మర్యాదా కాదు, క్షేమమూ కాదు.

ఈ మొదటి స్టేషనులోనే మన పిల్లలకు ఎక్కువగా తగిలే చిక్కు ఒకటుంది. కొండ మీది ఒక కుటుంబంలోని అమ్మాయి డిగ్రీ చదవడానికి విశాఖ వెళ్లింది. ఇంటి దగ్గర చక్కగా లేచే డ్రైవు అక్కడి కంప్యూటరులో లేవలేదు. షాపులో చూపిస్తే "డ్రైవు పోయిందమ్మా, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నారు. తండ్రి మాకు ఫోను చేశారు. "మాస్టారూ, రేపు ప్రాజెక్టు ఇవ్వాలంట, ఏం చెయ్యమంటారు?" "ఆగండి భాయ్, ముందు ఒకటి చెప్పండి. ఈ డ్రైవు తీసేశాక మీ ఇంట్లో కంప్యూటరు ఎట్లా ఉంది?" అని అడిగాము. "అదీ పాడైంది సార్. నల్ల తెర మీద గ్రబ్ అని ఒక మాట వచ్చి ఆగిపోతోంది. చిన్నోడు రెండ్రోజుల నుండి గోల" అన్నారు. దానితో రోగం దొరికింది. డ్రైవూ బాగుంది, ఇంటి కంప్యూటరూ బాగుంది. లైనక్స్ ఎక్కించేటప్పుడు బూట్ లోడరు డ్రైవులో పడకుండా ఇంటి కంప్యూటరు లోపలి డిస్కులో పడింది. ఇల్లు డ్రైవులో, ఇంటి తాళంచెవి అరకులో!

ఇది ఒక్కరి సంగతి కాదు. యు.ఇ.ఎఫ్.ఐ. కంప్యూటరులో బూట్ లోడరు ఒక ప్రత్యేక చిన్న విభాగంలో ఉంటుంది. దానిని ఇ.ఎస్.పి. అంటారు, ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది. కొన్ని ఇన్‌స్టాలర్లు, మనం యు.ఎస్.బి. డ్రైవును ఎంచుకున్నా, మొదట కనబడిన ఇ.ఎస్.పి.లోనే బూట్ లోడరును రాసేస్తాయి. పైగా దాని చిరునామాను ఆ కంప్యూటరు తన సొంత చిట్టాలో నమోదు చేసుకుంటుంది. ఆ చిట్టా రెండవ కంప్యూటరులో ఎక్కడి నుండి వస్తుంది? కొత్త కంప్యూటరు తెలియని డ్రైవులో వెతికేది ఒక్కచోటే. ఇ.ఎస్.పి.లో ఇ.ఎఫ్.ఐ. అనే ఫోల్డరు, అందులో బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు. అది ఉంటే లేస్తుంది, లేకపోతే లేదు.

మందు ఏమిటంటే, లైవ్ పెన్‌డ్రైవుతో కంప్యూటరును లేపి, ముందు అమ్మాయి ఫైళ్లన్నీ ఇంకొక డ్రైవులోకి నకలు తీయించాము. తర్వాత డ్రైవులోనే చిన్న ఇ.ఎస్.పి. విభాగం ఏర్పాటు చేయించి, గ్రబ్-ఇన్‌స్టాల్ ఆజ్ఞను 'రిమూవబుల్' అనే మాటతో కలిపి నడిపించాము. ఆ మాట చేరిస్తే గ్రబ్ తనను తాను సరిగ్గా ఆ బూట్‌ఎక్స్64 చోటనే రాసుకుంటుంది. డెబియన్ ఇన్‌స్టాలరులోని రెస్క్యూ మోడ్‌లో కూడా ఈ పని చేసే సదుపాయం ఉంది. ఇంటి కంప్యూటరుకు బూట్ మెనూలో "విండోస్ బూట్ మేనేజరు"ను మొదటి స్థానంలో పెట్టించగా చిన్నవాడి గోల కూడా తీరింది. అమ్మాయి ప్రాజెక్టులో ఒక్క పేజీ కూడా పోలేదు.

రెండవ స్టేషను గ్రబ్. ఇక్కడ తెర మీద "గ్రబ్" అనో, "గ్రబ్ రెస్క్యూ" అనో వచ్చి కర్సరు మిణుకుమిణుకు మంటూ ఉంటుంది. టోకెను గ్రబ్ దాకా వచ్చింది గాని, తన సామానున్న విభాగం దానికి దొరకలేదని అర్థం. విభాగాలు తిరగకొట్టినా, గ్రబ్ ఒక డిస్కులోనూ సామాను ఇంకొక డిస్కులోనూ ఉన్నా ఇట్లా అవుతుంది. అక్కడ 'ఎల్‌ఎస్' అని కొడితే కనబడే విభాగాల జాబితా వస్తుంది. మన డ్రైవు విభాగం అందులో ఉన్నదంటే ఇల్లు చెక్కుచెదరలేదన్నమాట, దారి చూపడమే మిగిలింది. చేయి తిరగనివారు అక్కడితో ఆగి, లైవ్ పెన్‌డ్రైవుతో గ్రబ్‌ను మళ్లీ రాయించుకోవడం మేలు.

మూడవ స్టేషను. మెనూ వచ్చింది, లైనక్స్ ఎంచుకున్నాము, తర్వాత తెర నల్లబడిపోయింది. ఇది తరచు తెరను నడిపే గ్రాఫిక్స్ తగాదా. గ్రబ్ మెనూలో ఇ మీట నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర 'నోమోడ్‌సెట్' అని చేర్చి ఎఫ్10 నొక్కితే, ఆ ఒక్కసారికి సాదా తెరతో లేస్తుంది. వేరే కంప్యూటరుకు డ్రైవు మారినప్పుడు ఇది మామూలే.

ఇక రెండవ రకం. ఫలానా యు.యు.ఐ.డి. గల విభాగం లేదని హెచ్చరిక వచ్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మాట దగ్గర ఆగుతుంది. యు.యు.ఐ.డి. అంటే ప్రతి విభాగానికీ ఉండే గుర్తింపు సంఖ్య. ఇక్కడ 'బి.ఎల్.కె.ఐ.డి.' అని కొట్టి చూడాలి. జాబితాలో మన విభాగం కనబడితే, డ్రైవు మేలుకోవడం ఆలస్యమైందన్నమాట. 'ఎగ్జిట్' అని కొడితే చాలాసార్లు ముందుకు పోతుంది. డ్రైవు మేలుకునేదాకా ఆగాలంటే ఆ లైనక్స్ వరుసలో 'రూట్‌డిలే' అని రాసి 10 సెకన్లు అని పెట్టాలి. జాబితాలో అసలు కనబడకపోతే రంధ్రం మార్చాలి. అదీ కాకపోతే, ఆ సామాను మూటను మొదటి కంప్యూటరుకు కావలసిన డ్రైవర్లతోనే కట్టి ఉండవచ్చు. డెబియన్, ఉబుంటు రకాలలో దానిని 'మోస్ట్' అనే పద్ధతిలో కట్టుకుంటే ఎక్కువ యంత్రాలకు సరిపోతుంది.

మూడవ రకం మన కొండలకు బాగా తెలిసినది. ఈదురుగాలి వచ్చింది, కరెంటు పోయింది, కంప్యూటరు ఉన్నపళాన ఆరిపోయింది. లేదా పిల్లవాడు ఆపకుండానే డ్రైవు లాగేశాడు. తర్వాత లేపితే, ఫైళ్ల చిట్టా తేడా పడింది, ఎఫ్‌ఎస్‌సికె మీరే నడపండి అని వస్తుంది. ఎక్స్‌ట్4 జరిగిన పనులను ఒక దినచర్యలో రాసుకుంటుంది కనుక మామూలుగా తానే సర్దుకుంటుంది. సర్దుకోలేనప్పుడే మనల్ని అడుగుతుంది. ఎఫ్‌ఎస్‌సికె చిట్టాను సరిచేసే గుమాస్తా. లెక్క కలపడం కోసం అతడు కొన్ని ఫైళ్లను తీసి పక్కన పడేయవచ్చు. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లుంటే ముందు లైవ్ పెన్‌డ్రైవుతో లేపి, చదవడానికి మాత్రమే తెరచి నకలు తీసుకుని, ఆ తర్వాతనే ఆ గుమాస్తాను పిలవాలి.

నాలుగవ స్టేషను. వరుసలు పరుగెత్తుతూ వచ్చి, ఒక చోట ఒక నిమిషం ముప్ఫై సెకన్ల లెక్క మొదలవుతుంది. ఆ తర్వాత "ఎమర్జెన్సీ మోడ్" అని భయపెట్టే మాట వస్తుంది. ఇక్కడ ఇల్లు చేరాము. ఇంటి పనుల పట్టికలో లేని మనిషి పేరు ఉంది. ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో, లేచేటప్పుడు తెరవవలసిన విభాగాల పేర్లు ఉంటాయి. అందులో మొదటి కంప్యూటరు లోపలి డిస్కు పేరో, దాని ఇ.ఎస్.పి. పేరో ఉంటే, రెండవ కంప్యూటరులో ఆ డిస్కు కోసం ఎదురు చూసి చూసి ఆగిపోతుంది. ఇందాక చెప్పిన అమ్మాయి డ్రైవులోనూ ఆ పాత వరుస ఉంది, దానిని కూడా మార్పించవలసి వచ్చింది. ఆ వరుస ముందు హాష్ గుర్తు పెట్టినా, ఐచ్ఛికాలలో 'నోఫెయిల్' అని చేర్చినా సరిపోతుంది. ఇట్లాగే, పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే వస్తున్నదంటే, డ్రైవు నిండిపోయిందేమో చూడాలి. అనవసరమైన సినిమాలు తీసేస్తే లేస్తుంది!

నిజంగా డ్రైవే పోయిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. పెన్‌డ్రైవులోని చిప్ ఇన్నిసార్లే రాయనిస్తుంది. అరిగాక కొన్ని డ్రైవులు చదవనిస్తాయి గాని రాయనివ్వవు. అది చివరి అవకాశం, వెంటనే నకలు తీసుకోవాలి. చవకగా దొరికే డ్రైవుల్లో పైన రాసిన సైజు ఒకటి, లోపల ఉన్నది మరొకటి అయిన నకిలీలు ఉన్నాయి. కొనగానే, ఖాళీగా ఉన్నప్పుడే, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత పరికరంతో పరీక్షించవచ్చు. స్తోమత ఉన్నవారు యు.ఎస్.బి. డబ్బాలో పెట్టిన చిన్న ఎస్.ఎస్.డి. కొంటే వేగమూ ఉంటుంది, ఎక్కువ కాలమూ మన్నుతుంది.

సంఘం వారికి మూడు మనవులు. ఒకటి, సంఘం గదిలో ఒక లైవ్ పెన్‌డ్రైవు, ఒక ఖాళీ డ్రైవు ఎప్పుడూ బీరువాలో ఉంచండి. మొదటిది వైద్యుడు, రెండవది నకలు కోసం. రెండు, ఎవరికైనా కొత్తగా లైనక్స్ ఎక్కించి ఇచ్చేటప్పుడు, వీలైతే కంప్యూటరు లోపలి డిస్కు తీగ ఊడదీసి ఎక్కించండి. అప్పుడు బూట్ లోడరు దారి తప్పి పోవడానికి ఇంకొక చోటే ఉండదు. ఎక్కించాక ఆ డ్రైవును రెండవ కంప్యూటరులో లేపి చూశాకనే పిల్లల చేతికి ఇవ్వండి. మూడు, వారానికి ఒకసారి పిల్లలు తమ ఫైళ్లను ఇంకొక చోటికి నకలు తీసుకునే అలవాటు చేయించండి. ఒక్కచోటే ఉన్న ఫైలు పొయ్యి పక్కన పెట్టిన పుస్తకం వంటిది.

తల్లులకు ఒక మాట. మీకు ఈ గ్రబ్బులూ కెర్నెళ్లూ గుర్తుండనక్కరలేదు. షాపులో ఎవరైనా "ఫార్మాట్ చేసేద్దాం" అంటే, "బాబూ, బండి ఏ స్టేషనులో ఆగింది? లైవ్ పెన్‌డ్రైవు పెట్టి ఫైళ్లు కనబడుతున్నాయేమో చూశావా?" అని అడగండి. చూడలేదంటే డ్రైవు తిరిగి తీసుకుని ఇంటికి వచ్చేయండి. ఫార్మాట్ రేపైనా చేయించవచ్చు. చేయించిన తర్వాత పిల్లల రాతను వెనక్కి తేవడం మాత్రం మన చేతిలో ఉండదు.

 డ్రైవులు వెంట తెచ్చుకున్న పిల్లలు భోజనాల తర్వాత వెనుక గదికి రండి, ఒక్కొక్కటీ చూద్దాము.